ఫుల్ ట్యాంకుతో ఎంత దూరం? ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీల మైలేజ్ లెక్క తప్పేది ఎక్కడ

మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో, కీలాంగ్‌కు 8 కిలోమీటర్ల ముందు తాండీ అనే చిన్న ఊరు వస్తుంది. చంద్ర, భాగ నదులు కలిసేది అక్కడే. అయితే ఆ ఊరికి పేరొచ్చింది నదుల వల్ల కాదు, పెట్రోల్ బంకు వల్ల. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే అక్కడి బోర్డు ముందు ఫొటో దిగకుండా వెళ్లేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఒక చిన్న గుణింతం. మారుతీ జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు. మాన్యువల్ గేర్ల బండికి కంపెనీ చెప్పే మైలేజ్ లీటరుకు 16.94 కిలోమీటర్లు. రెండూ గుణిస్తే 677 కిలోమీటర్లు వస్తుంది. ఆ లెక్కన 365 కిలోమీటర్లకు 22 లీటర్లు, అంటే సగం ట్యాంకు పైన కాస్త ఉంటే సరిపోవాలి. అయినా ఆ దారి తెలిసినవాళ్లు ఎవరూ తాండీ నుంచి సగం ట్యాంకుతో కదలరు. ఫుల్ కొట్టించి, కొందరు పైన ఒక క్యాన్ కూడా పెట్టుకుంటారు. 677కి, ఆ క్యాన్‌కి మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఈ వ్యాసం విషయం.

క్లుప్తంగా

బ్రోషర్‌లోని మైలేజ్ ల్యాబులో, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా తీసిన అంకె. డబ్బాలాంటి ఆకారం, బరువు, వెడల్పు టైర్లు ఉన్న బండ్లకు హైవేలోనే ఆ అంకె బాగా పడిపోతుంది. రోడ్డు వదిలాక 'లీటరుకు ఎన్ని కిలోమీటర్లు' అన్న కొలతే పనికిరాకుండా పోతుంది. అక్కడ చూడాల్సింది గంటకు ఎన్ని లీటర్లు అని. ట్యాంకు పెంచకపోవడానికి కంపెనీలకు స్థలం, బరువు, సీట్ల కారణాలున్నాయి. ఉన్న ట్యాంకులో కూడా చివరి కొన్ని లీటర్లు వాలు మీద లేనట్టే లెక్క.

పుణె ల్యాబులో పుట్టే అంకె

మన దేశంలో కార్ల మైలేజ్‌ను పుణెలోని అరాయ్, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి ధ్రువీకరిస్తాయి. పరీక్షలో బండి రోడ్డెక్కదు. రోలర్ల మీద నిలబెట్టి, ముందే రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం ఇరవై నిమిషాల లోపు నడుపుతారు. ఆ పట్టికను మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అంటారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు 30 పైచిలుకు. ఏసీ ఆపి ఉంటుంది. ఘాట్ ఉండదు, ఎదురుగాలి ఉండదు, పైన క్యారియర్, వెనక సీట్లో నలుగురు మనుషులు ఉండరు.

ఇందులో మోసమేమీ లేదు. రెండు బండ్లను ఒకే తూకంలో పెట్టి పోల్చడానికి పెట్టిన పరీక్ష అది. ఏ బండి నలుగురితో కలిసి ఘాట్ ఎక్కితే ఎంత ఇస్తుందో చెప్పడానికి కాదు. చిక్కేమిటంటే, హ్యాచ్‌బ్యాక్ కన్నా ఆఫ్‌రోడ్ బండికి ఈ పరీక్ష ఎక్కువ మేలు చేస్తుంది. దాని అసలు బలహీనత బయటపడేది 90 దాటాక, లేదా తారు రోడ్డు దిగాక. పరీక్ష ఈ రెండు చోట్లకూ వెళ్లదు.

హైవే మీద గాలితో కుస్తీ

నిటారు అద్దం, చదును బానెట్, వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ. చూడ్డానికి దర్జాగా ఉండే ఈ ఆకారం గాలికి గోడలా అడ్డు నిలుస్తుంది. గాలిని చీల్చుకుపోయే గుణాన్ని డ్రాగ్ కోఎఫిషియంట్ అనే అంకెతో కొలుస్తారు. అది ఎంత తక్కువైతే అంత మేలు. ఇప్పటి సెడాన్లు చాలావరకు 0.30 లోపే ఉంటాయి. జీప్ రాంగ్లర్‌ది 0.45 చిల్లర. పైగా ఇలాంటి బండి ఎత్తు, వెడల్పు రెండూ ఎక్కువ కాబట్టి గాలికి తగిలే ముఖభాగం కూడా పెద్దదే.

గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. మనుషులు, సామానుతో కలిపి రెండు టన్నులుండే డీజిల్ బండిని, రాంగ్లర్ లాంటి ఆకారాన్ని, ఇంజిన్ నుంచి చక్రం దాకా 30 శాతం సామర్థ్యాన్ని తీసుకుని ఉజ్జాయింపుగా లెక్క వేస్తే, నిలకడగా 80లో పోయేటప్పుడు లీటరుకు సుమారు 17 కిలోమీటర్లు వస్తాయి. 100లో అది 13కు దిగుతుంది. 120లో 10 కూడా కష్టమే. బండి అదే, ట్యాంకు అదే, డ్రైవరూ అతనే. 57 లీటర్ల ట్యాంకు మీద ఈ తేడా దాదాపు 400 కిలోమీటర్లు.

హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద 120 దాకా అనుమతి ఉంది. అక్కడ రోజూ తిరిగే బండి, విజయవాడ హైవేలో 80, 90 మధ్య నెమ్మదిగా పోయే అదే మోడల్ బండి మైలేజ్ విషయంలో కలవకపోవడానికి ఇంతకు మించిన రహస్యం అక్కర్లేదు. "నాకు 9 ఇస్తోంది, నీకు 14 ఎలా ఇస్తుంది" అన్న వాదనలో చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. పైన క్యారియర్ బిగించి, దాని మీద సామాను పేరిస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

రోడ్డు అయిపోయాక

తారు మీద టైరు దొర్లడానికి కావాల్సిన బలం బండి బరువులో ఒకటి, ఒకటిన్నర శాతం. మెత్తటి ఇసుకలో అదే 20 శాతం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ. టైరు ముందున్న ఇసుకను తోస్తూ, నొక్కుతూ, తాను చేసిన గుంటలోంచి తానే ఎక్కుతూ పోవాలి కాబట్టి ఇంత తేడా. పై రెండు టన్నుల బండికే ఈ లెక్క వేస్తే లీటరుకు 3 కిలోమీటర్ల దగ్గరకు వస్తుంది. జైసల్మేర్ వైపు ఇసుక దిబ్బల్లో బండి తిప్పేవాళ్లు టైర్లలో గాలి 35 పీఎస్ఐ నుంచి 18 దాకా తగ్గించడం పట్టు కోసమే అనుకుంటారు. నిజానికి ఇంధనం కోసం కూడా. గాలి తగ్గితే టైరు పొడుగ్గా పరుచుకుని ఇసుకలో తక్కువ దిగబడుతుంది, తోయాల్సిన ఇసుక తగ్గుతుంది. అదే గాలితో మళ్లీ తారు ఎక్కితే మాత్రం లెక్క తిరగబడుతుంది. టైరు వేడెక్కుతుంది, మైలేజ్ పడిపోతుంది, సైడ్‌వాల్ దెబ్బతింటుంది.

ఎత్తు ఎక్కడం ఇంకో ఖర్చు. రెండు టన్నుల బరువును 1,000 మీటర్లు పైకి లేపడానికే దాదాపు రెండు లీటర్ల డీజిల్ కావాలి, దూరానికి అయ్యేది కాక. విశాఖ తీరం నుంచి అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే ఘాట్ పుణ్యమా అని లీటరున్నర పైన అదనం. దిగేటప్పుడు గేరులోనే ఉంచితే ఇప్పటి ఇంజిన్లు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి కాబట్టి అందులో కొంత తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది. న్యూట్రల్‌లో దించితే ఇంజిన్ ఐడిల్‌లో తాగుతూనే ఉంటుంది, బ్రేకులూ కాలుతాయి. పొదుపు అనుకుని చేసే పని రెండు వైపులా నష్టం.

ఇక రాళ్లు, వాగులు, బురద. ఇక్కడ చాలామంది లెక్క తప్పే చోటు ఉంది. లో రేంజ్, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే అదనపు గేరు, వేస్తే ఇంజిన్ అదే వేగానికి మరిన్ని చుట్లు తిరగాలి. జిమ్నీలో ఆ గుణకం సుమారు 2, రాంగ్లర్ రూబికాన్‌లో 4. బండి గంటకు 7, 8 కిలోమీటర్లు పాకుతుంది. ముందు బండి ఇరుక్కుంటే వెనకవాళ్లంతా ఏసీ వేసుకుని ఇంజిన్ ఆపకుండా నిలబడతారు. ఇంజిన్ గంటకు రెండున్నర, మూడు లీటర్లు తాగుతుందనుకుంటే, 40 కిలోమీటర్ల బాటకు అయిదారు గంటలు పడుతుంది, 15 లీటర్లు ఖర్చవుతాయి. ఆ ట్రిప్‌ను "లీటరుకు రెండున్నర ఇచ్చింది" అని చెప్పుకోవడం తప్పేమీ కాదు గానీ, దాంతో తర్వాతి ట్రిప్‌ను అంచనా వేయలేం. మరుసటి వారం అదే బాట ఎండిపోయి ఉంటే మూడు గంటల్లో అయిపోవచ్చు. పొలంలో ట్రాక్టర్ ఖర్చును గంటల్లో చెబుతారే తప్ప కిలోమీటర్లలో చెప్పరు కదా, ఇదీ అంతే.

బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో ఇంకో మెలిక ఉంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ నిండితే, అదనంగా డీజిల్ పంపి ఆ మసిని కాల్చేస్తారు. అందుకు నిలకడైన వేగం, వేడి కావాలి. గంటల తరబడి పాకే బండికి ఆ రెండూ దొరకవు. మసి పేరుకుని, కాల్చే ప్రయత్నం మొదలై, మధ్యలో ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆ రోజు మైలేజ్ మీద ఇది కూడా కొంత కొరుకుతుంది.

ట్యాంకు ఎందుకంత చిన్నది

"ఇంత పెద్ద బండికి ఇంత చిన్న ట్యాంకా" అన్నది కొనేవాళ్లు షోరూంలో తరచూ అడిగే మాట. అంకెలు చూస్తే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఫోర్ బై ఫోర్ మహీంద్రా థార్ ట్యాంకు 57 లీటర్లు. ఫోర్స్ గూర్ఖాది 63. టయోటా ఫార్చూనర్‌ది 80. ల్యాండ్ క్రూయిజర్ 300ది 110.

ఇందులో ఆసక్తికరమైనవి పెద్ద ట్యాంకులు కావు, పెరగని ట్యాంకులు. మూడు తలుపుల థార్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. థార్ రాక్స్‌లో 2,850. బండి మధ్యలో 40 సెంటీమీటర్లు కొత్తగా కలిశాయి. ట్యాంకు మాత్రం 57 దగ్గరే ఉంది. జిమ్నీదీ అదే కథ. మూడు తలుపుల బండిలో 2,250 ఉన్న దూరం అయిదు తలుపులదానికి 2,590 అయింది, ట్యాంకు 40 లీటర్లే. పెరిగిన పొడవంతా వెనక సీటు మోకాళ్లకు, వెనక తలుపులకు పోయింది. ఈ బండ్లు కొనేవాళ్లలో ఎక్కువమంది రోజూ ఆఫీసుకి, బడికి వెళ్లేవాళ్లే కాబట్టి కంపెనీ లెక్కలో ఇది సరైన నిర్ణయమే. లడఖ్ వెళ్లేవాళ్లకు మాత్రం కాదు.

చోటు విషయానికొస్తే, బండి కింద పడుకుని చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నిచ్చెన ఆకారంలో రెండు పొడుగాటి ఉక్కు దూలాలు. మధ్యలో గేర్‌బాక్సు, దాని వెనక పవర్‌ను ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు. ఒక పక్కగా సైలెన్సర్ గొట్టం, దాని వేడి తగిలేంత దగ్గరగా ఏదీ పెట్టకూడదన్న నియమం. వెనక యాక్సిల్ ఒకవైపు లేచి ఒకవైపు దిగడానికి పైన ఖాళీ వదలాలి. ట్యాంకును కిందికి వేలాడదీస్తే రాయి తగులుతుంది. వెనక్కి జరిపితే గుంట దిగి ఎక్కేటప్పుడు బండి తోక నేలకు రాసుకుంటుంది. ముందు చక్రాలకే పవర్ ఉండే మామూలు కారుకు వెనక్కి వెళ్లే షాఫ్టే ఉండదు, సస్పెన్షన్ కూడా అంతగా ఎగిరిపడదు, కాబట్టి వెనక సీటు కింద చదునుగా ట్యాంకు పరిచేస్తారు. ఆఫ్‌రోడ్ బండిలో ఆ సుఖం లేదు. మిగిలిన సందులో వంకరటింకరగా ఒక డబ్బా ఇరికించి, కింద ఇనుప పలక బిగిస్తారు.

బరువు కూడా ఒక కారణమే గానీ చెప్పుకునేంత పెద్దది కాదు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు, పెట్రోలు 740. జిమ్నీ ఫుల్ ట్యాంకు 30 కిలోలు, ల్యాండ్ క్రూయిజర్‌ది 90 పైన.

పెద్ద ట్యాంకులు కావాలంటే ఆస్ట్రేలియా చూడాలి. అక్కడ కానింగ్ స్టాక్ రూట్ అనే ఎడారి బాట దాదాపు 1,850 కిలోమీటర్లు, మధ్యలో ఇంధనం దొరికే చోటు వేళ్ల మీద లెక్క. అందుకే ఆ దేశంలో ల్యాండ్ క్రూయిజర్ 200 రెండు ట్యాంకులతో వచ్చింది: 93 లీటర్లదొకటి, 45దొకటి. నిస్సాన్ 'పట్రోల్' అనే బండి ట్యాంకు 140 లీటర్లు. దాని 5.6 లీటర్ల పెట్రోలు ఇంజిన్ కాగితం మీదే 100 కిలోమీటర్లకు 14.4 లీటర్లు తాగుతుంది. అంటే అంత పెద్ద ట్యాంకుతోనూ 970 కిలోమీటర్లు. ల్యాండ్ క్రూయిజర్ 300 డీజిల్ అదే కొలతలో 8.9 లీటర్లు తాగుతుంది కాబట్టి 110 లీటర్లతోనే 1,200 దాటుతుంది. మైలేజ్ తక్కువైన బండికే పెద్ద ట్యాంకు ఉంటుందన్న సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. బజారు ఎక్కడిది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అమెరికాలో ఇప్పుడు కథ వెనక్కి నడుస్తోంది. అక్కడి మనవాళ్లు కూడా ఇష్టంగా కొనే టయోటా ఫోర్‌రన్నర్‌లో పాత తరం ట్యాంకు 23 గ్యాలన్లు, అంటే 87 లీటర్లు. 2025 మోడల్లో అది 19 గ్యాలన్లకు, 72 లీటర్లకు తగ్గింది. రాంగ్లర్ నాలుగు తలుపుల పెట్రోలు బండిలో 81 లీటర్లుంటే, బ్యాటరీతో వచ్చిన ఫోర్ ఎక్స్ ఈలో 65 మాత్రమే. హైబ్రిడ్ అనగానే ఎక్కువ దూరం పోతుందనుకుంటారు. మిగిలిన ఇంధనాన్ని కంపెనీ చోటుగా, డబ్బుగా మార్చుకుని ట్యాంకును చిన్నది చేస్తే, కలిసొచ్చేది బిల్లులోనే గాని దూరంలో కాదు.

40 లీటర్లంటే 40 కాదు

బంకులో గన్ క్లిక్‌మని ఆగుతుంది. కుర్రాడు మీటర్ చూసి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండుసార్లు నొక్కుతాడు. బిల్లు చూస్తే కంపెనీ చెప్పిన సామర్థ్యం కన్నా మూడు నాలుగు లీటర్లు ఎక్కువ. బంకులో మోసం జరిగిందన్న గొడవలు చాలావరకు ఇక్కడే పుడతాయి. ప్రకటించే సామర్థ్యం అంచు దాకా పట్టేది కాదు. ఇంధనం వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి పైన ఖాళీ ఉంచుతారు. 50 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక లీటరు పెరుగుతుంది. ఆ ఖాళీలోకి, మూత నుంచి ట్యాంకు దాకా ఉన్న గొట్టంలోకి కూడా పోయించుకుంటే బిల్లు పెరుగుతుంది. పెట్రోలు బండిలో ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా తడిసిపోయే ప్రమాదమూ ఉంది.

అడుగున లెక్క దీనికి వ్యతిరేకం. ట్యాంకు లోతు పాతిక, ముప్పై సెంటీమీటర్లు అనుకుందాం, పొడవు ఒక మీటరు. బండి 30 డిగ్రీల వాలు మీద ఉంటే ఇంధనం మట్టం ఒక చివరికీ ఇంకో చివరికీ 58 సెంటీమీటర్ల తేడాతో వాలుతుంది. ట్యాంకు లోతే అంత లేదు. అంటే పావు ట్యాంకు ఇంధనం మొత్తం ఒక మూలకు చేరుతుంది. ఇంజిన్‌కు ఇంధనం పంపే పంపు ఉన్నది ఆ మూల అయితే సరే. ఎదుటి మూల అయితే ఇంజిన్ దగ్గి ఆగిపోవచ్చు. పంపు చుట్టూ చిన్న గిన్నెలాంటిది పెట్టి కొన్ని క్షణాలు నెట్టుకొస్తారు గానీ, అది నిమిషాల తరబడి ఆదుకోదు. పెట్రోలు బండిలో ఆ పంపు చల్లబడేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలుతోనే. అందుకే అనుభవం ఉన్న ఆఫ్‌రోడ్ క్లబ్బులు బాట దిగేముందు సగం ట్యాంకైనా ఉండాలని పట్టుబడతాయి. అతిజాగ్రత్త అనిపించే ఆ నియమం వెనక ఉన్నది దూరం భయం కాదు, వాలు.

మీటర్లో కనిపించే 'ఇంకా ఎంత దూరం పోతుంది' అన్న అంకెది ఇంకో తమాషా. అది జోస్యం కాదు, ఇప్పటిదాకా నడిచిన దాని సగటు. హైవే మీద 80లో వచ్చి బాట దిగేముందు 600 చూపిస్తుంది. రెండు గంటలు పాకాక 280కి పడిపోతుంది. మళ్లీ తారు ఎక్కితే, ఇంధనం తగ్గుతుంటే అంకె పెరుగుతూ పోతుంది. కొత్తగా కొన్నవాళ్లకు ఇక్కడే టెన్షన్. ట్యాంకు కారుతోందేమోనని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్లూ ఉన్నారు.

టైరు మారితే మీటరూ మారుతుంది

థార్‌కు కంపెనీ ఇచ్చే 255/65 టైరు, 18 అంగుళాల రిముతో కలిపి 789 మిల్లీమీటర్ల వ్యాసం. దాని బదులు 33 అంగుళాల టైరు వేయిస్తే 838 అవుతుంది, 6 శాతం పెద్దది. చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. బండి మీటర్ మాత్రం పాత చుట్టుకొలతనే నమ్ముకుని ఉంటుంది. 400 కిలోమీటర్లు నడిస్తే 376 చూపిస్తుంది. ఆ 376ను లీటర్లతో భాగించి, మైలేజ్ పడిపోయిందని బాధపడతారు. కొంత పడిపోయింది నిజమే, ఎందుకంటే లోతు గాట్ల టైరు బరువెక్కువ, దొర్లేందుకు నిరోధమెక్కువ. మిగతాది మాత్రం అంకగణితం. స్పీడోమీటరూ అంతే తక్కువ చూపిస్తుందని, తయారీదారు ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు తగులుకోవచ్చని చెప్పే షాపులు తక్కువ.

ఈ20 వాటా ఎంత

2025లో మైలేజ్ గురించి ఎక్కువగా జరిగిన చర్చ ఇథనాల్ కలిపిన పెట్రోలు మీదే. ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. 10 శాతం కలిపిన పెట్రోలు నుంచి 20 శాతానికి, అంటే ఈ20కి మారితే లీటరులోని శక్తి మూడున్నర శాతం తగ్గుతుంది. జిమ్నీ ట్యాంకు మీద అది ఒకటిన్నర లీటరు తక్కువ పోయించినట్టు. లీటరుకు 12 వస్తుందనుకుంటే, దూరంలో 17, 18 కిలోమీటర్లు. అసలు ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే తేడా దాదాపు 7 శాతం. దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన ఇంజిన్ ఇందులో కొంత రాబట్టుకుంటుంది. తేడా ఉందన్నవాళ్లూ, మరీ ఎక్కువ లేదన్నవాళ్లూ ఇద్దరికీ ఈ అంకెల్లో చోటుంది. కానీ 100 నుంచి 120కి వేగం పెంచితే పోయేది దీనికి ఎన్నో రెట్లని కూడా అవే అంకెలు చెబుతున్నాయి. డీజిల్ బండికి ఈ గొడవ లేదు.

క్యాన్ల సంగతి

20 లీటర్ల ఇనుప క్యాన్‌ను జెర్రీక్యాన్ అంటారు. 1930ల చివర్లో జర్మన్ సైన్యం తయారు చేయించుకున్నది ఇది. జర్మన్లను బ్రిటిష్ సైనికులు 'జెర్రీ'లని పిలిచేవారు, ఆ పేరే దీనికి అంటుకుంది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వాళ్ల పలుచని రేకు డబ్బాలు దారిలోనే కారిపోతుంటే, జర్మన్ల క్యాన్లు చేజిక్కించుకుని వాడుకున్నారు.

నిండు క్యాన్ డీజిల్‌తో 20 కిలోల పైన తూగుతుంది. రెండు క్యాన్లు టాప్ మీద కడితే బండి గరిమనాభి పైకి జరుగుతుంది, పక్కవాలులో పల్టీ ముప్పు పెరుగుతుంది, గాలికి ఇంకో అడ్డు తోడవుతుంది. క్యాబిన్‌లో పెడితే ఆవిరి. పెట్రోలు క్యాన్‌కైతే ఇది ఒప్పుకోకూడని పని. చాలా బంకుల్లో ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోలు పోయరు, పోయకూడదు కూడా.

చలికాలం లడఖ్‌లో డీజిల్‌కు మరో చిక్కు. మామూలు డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో అక్కడి కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది. కింది ఊళ్లలో క్యాన్లు నింపి మోసుకెళ్లిన డీజిల్ పైన పనికిరాకుండా పోవచ్చన్నమాట.

తాండీ లెక్క, తిరగేసి

'ఈ బండి ఎంత దూరం పోతుంది' అన్న ప్రశ్నకు ఇన్ని షరతులున్నప్పుడు దాన్ని తిరగేసి అడగడం మేలు. 365 కిలోమీటర్లు దాటాలంటే కనీసం ఎంత మైలేజ్ రావాలి?

అడుగున కొన్ని లీటర్లు ముట్టుకోకూడదని పక్కన పెట్టి చూస్తే, జిమ్నీకి వాడుకోదగ్గది 35 లీటర్లు. లీటరుకు 10.4 రావాలి. థార్‌కు 50 లీటర్లు అనుకుంటే 7.3 చాలు. గూర్ఖాకు 55 లీటర్లతో 6.6. ఫార్చూనర్‌కు 70 లీటర్లతో 5.2. బ్రోషర్‌లో మైలేజ్ ఎక్కువున్న తేలికపాటి బండికే ఇక్కడ వెసులుబాటు తక్కువ. పైగా జిమ్నీ ఇంజిన్‌కు టర్బో లేదు. 5,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతమే కాబట్టి, 105 హార్స్‌పవర్ ఇంజిన్ 60 చిల్లరకు పడిపోతుంది. మూడో గేరులో ఎక్కాల్సిన చోట రెండోది, రెండోది చాలాల్సిన చోట మొదటిది పడుతుంది. పలుచని గాలి వల్ల నిరోధం తగ్గి కలిసొచ్చేది కొంత ఉన్నా, ఆ దారిలో వేగమే ఉండదు కాబట్టి దాని లాభం స్వల్పం.

లేహ్‌కు 35 కిలోమీటర్ల ముందు కారూలో కూడా బంకు ఉంది కాబట్టి నిజానికి కావాల్సిన దూరం 330 దగ్గర. త్సో మోరిరీ సరస్సు చూద్దామని మధ్యలో పక్కకు తిరిగితే ఆ మిగులు అక్కడే హారతి.

ఈ లెక్కను దారిలోనే సరిచూసుకోవచ్చు. తాండీలో ఫుల్ కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేస్తే, బారాలాచా లా కనుమ దాటి సర్చూ చేరేసరికి సుమారు 115 కిలోమీటర్లు. బోర్డు మీది దూరంలో మూడో వంతు కూడా కాదు. జిమ్నీ అప్పటికి 12 లీటర్లు తాగి ఉంటే మిగిలింది 28. అదే తీరున సాగితే మిగతా 250 కిలోమీటర్లకు 26 కావాలి. ముందు గాటా లూప్స్ 21 మలుపులు, లాచుంగ్ లా, తంగ్లాంగ్ లా ఇంకా ఉన్నాయి. వెనక్కి తిరిగితే 115, ముందుకు పోతే 250. క్యాన్ మూత తీయాలా, సరస్సు ప్లాన్ మానుకోవాలా అన్నది తేలేది సర్చూ దగ్గర, టీ గుడారం ముందు బండి ఆపినప్పుడే.